ఆ ముద్రలో మేం కనబడమట

నేను కౌన్సిల్ ఆఫీసులో, అంటే మన మునిసిపాలిటీ లాంటిదాంట్లో, పని చేస్తాను. నాటింగ్‌హామ్ నుంచి బస్సులో ముప్పావుగంట దూరంలో ఉన్న చిన్న పట్టణం మాది. ఇప్పటికీ అక్కడే ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి ఊరి పేరు చెప్పను. న్యాయవిభాగంలో నాది చిన్న ఉద్యోగం. స్థలాల కాగితాలు, ఒప్పందాలు, రోడ్డు మూసివేత ఉత్తర్వులు నా బల్ల మీదికి వస్తాయి. లాయర్లు చూసి సరే అన్నాక వాటి మీద కౌన్సిల్ ముద్ర వేయడం నా పని.

ముద్ర అంటే సిరాలో అద్ది కొట్టే రబ్బరు స్టాంపు కాదు. బరువైన ఇనుప యంత్రం. దాని నోట్లో కాగితం పెట్టి పిడి కిందికి నొక్కితే, కాగితం మీద గుండ్రటి బొమ్మ ఉబ్బెత్తుగా లేస్తుంది. రంగు ఉండదు. వెలుతురుకి అడ్డంగా పెట్టి చూస్తే కనిపిస్తుంది, లేదంటే వేలికి తగులుతుంది. మా ముద్రలో మూడు బొమ్మలుండేవి. పైన బొగ్గుగని కార్మికులు పట్టుకునే దీపం, మధ్యలో ఏటి మీద వంతెన, కింద ఒక చెక్క చట్రం. జెండా మీదా అవే. ఆఫీసు గుమ్మం మీద రాతిలోనూ అవే.

ఉద్యోగంలో చేరిన మొదటివారం ఆ కింది బొమ్మ మీద బొటనవేలు పెట్టి తడిమి, మగ్గం అనుకున్నాను. మా నాయిన పోచంపల్లి దగ్గర నేతపని చేసేవాడు. మా ఇంట్లో నేలలో గుంట తీసి దించిన మగ్గం ఉండేది. నేను దాని పక్కన కూర్చుని నూలు చుడుతూ పెరిగాను. కౌన్సిల్ సభల్లో ఆనవాయితీగా రాజదండం మోసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు మా ఆఫీసులో, ఆయన్ని అడిగాను. అది మగ్గం కాదనీ, మేజోళ్ళు అల్లే చట్రమనీ చెప్పాడు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఇంటికొకటి ఉండేదట. కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుని మొగుడు అల్లుతుంటే పెళ్ళాం కుట్టేదట, పిల్లలు నూలు చుట్టేవారట. నేనూ అదే చేశానని చెప్పాను. ఆయన నన్ను ఆశ్చర్యంగా చూసి, అయితే నువ్వు ఈ ఊరిదానివే అన్నాడు. ఈ దేశంలో నాతో ఆ మాట అన్న మొదటి మనిషి ఆయన.

కొన్నేళ్ళకి మా కౌన్సిల్నీ పక్క కౌన్సిల్నీ ఒకటి చేస్తూ లండన్ నుంచి ఉత్తర్వు వచ్చింది. పాత కౌన్సిళ్ళు రద్దయితే పాత జెండాలు, పాత ముద్రలు కూడా చెల్లవు. కొత్త కౌన్సిల్ తన జెండా ఏదో, ముద్ర ఏదో తీర్మానం చేసుకోవాలి. అందుకు ఒక కమిటీ వేశారు. ఆ కమిటీ ఒక డిజైన్ కంపెనీని పెట్టుకుంది. వాళ్ళు గీసుకొచ్చిన బొమ్మలో రెండు వంకర గీతలున్నాయి, ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం. పళ్ళ డాక్టరు బోర్డు మీద పెట్టుకున్నా, నీళ్ళ సీసా మీద అతికించుకున్నా ఎవరూ తేడా కనిపెట్టలేరు.

తర్వాత జనాన్ని అభిప్రాయం అడిగారు. బొమ్మ తయారయ్యాక అడిగారన్నది గుర్తుంచుకోండి. లైబ్రరీలో పెట్టె పెట్టారు, ఉత్తరాలు రాయమన్నారు. వచ్చిన ఉత్తరాలన్నీ చదివి సారాంశం రాసే పని మా పై అధికారిణి నాకు అప్పజెప్పింది. నేను సంతోషంగానే తీసుకున్నాను.

ప్రతి ఉత్తరం రెండుసార్లు చదివాను. ఏదైతే మాకేంటి, ముందు రోడ్ల గుంతలు పూడ్చండి అని రాసినవాళ్ళున్నారు. కొత్త బొమ్మ బాగుందన్నవాళ్ళూ ఉన్నారు. ఒకాయన, తన అన్న గనిలోనే చనిపోయాడనీ, ఆ దీపం చూసినప్పుడల్లా తనకి ఊపిరాడదనీ, తీసేస్తే సంతోషిస్తాననీ రాశాడు. ఆ ఉత్తరం నేను అందరికంటే ముందు పెట్టాను. తీసేయడానికి అంతకంటే నిజమైన కారణం ఇంకోటి కనిపించలేదు. ఉంచమని అడిగినవాళ్ళు చాలామంది. ఒక ముసలావిడ, తన భర్త ఉద్యోగమంతా ఆ దీపం పట్టుకుని భూమిలోకి దిగాడనీ, ఆయన పేరు ఏ రాతి మీదా లేదనీ, జెండా మీద ఆ దీపమే ఆయన గుర్తు అనీ పెన్సిలుతో రాసింది.

మనవాళ్ళ దగ్గర్నుంచి ఒక్క ఉత్తరం వచ్చింది. తెనాలి వైపు నుంచి వచ్చి, ఇదే ఊళ్ళో జీపీగా, అంటే ఫ్యామిలీ డాక్టరుగా, పని చేసి రిటైరైన అంకుల్ రాసింది. ఇక్కడి తెలుగువాళ్ళందరికీ ఆయన అంకులే. కొత్తగా వచ్చిన స్టూడెంట్లకి ఫ్లాట్ దొరక్కపోయినా, ఎవరి బిడ్డకి జ్వరమొచ్చినా ముందు ఫోన్ ఆయనకే. మిగతావి ఏం మార్చుకున్నా దీపం మాత్రం ఉంచండని నాలుగు వాక్యాలు రాశాడు.

ఇవన్నీ కలిపి నాలుగు పేజీల సారాంశం రాసి ఇచ్చాను. రెండు వారాలకి కమిటీ రిపోర్టు వెబ్‌సైటులో పెట్టారు. నా నాలుగు పేజీలు ఒక పేరాగా మారాయి. పెన్సిలు ఉత్తరం లేదు. అన్న చనిపోయినాయన లేడు. నేను రాయని వాక్యం ఒకటి మాత్రం ఉంది. పాత చిహ్నంలో తమకు స్థానం కనబడటం లేదని దక్షిణాసియా సముదాయాలవారు అభిప్రాయం వ్యక్తం చేశారు, అందుకే అందరినీ కలుపుకునే కొత్త చిహ్నం అవసరం.

చదివిందే మళ్ళీ చదివాను.  దక్షిణాసియా సముదాయాలంటే ఈ ఊళ్ళో ఎవరు? మేము, రెండు గుజరాతీ కుటుంబాలు, టేక్‌అవే తిండి కొట్లు నడిపే సిల్హెట్ వాళ్ళు, వృద్ధుల కేర్ హోముల్లో రాత్రీ పగలూ పని చేసే కేరళ అమ్మాయిలు. మాలో ఎవరు, ఎప్పుడు, ఎవరితో చెప్పారు ఈ మాట?

మా పై అధికారిణి గదికి వెళ్ళాను. చెడ్డ మనిషి కాదామె. నాకు సెలవు కావలసినప్పుడు ఎన్నడూ కాదనలేదు. ఈ వాక్యం ఏ ఉత్తరంలోంచి తీసుకున్నారని అడిగాను. ఉత్తరం కాదు, కమ్యూనిటీ సెంటర్లో పెట్టిన వర్క్‌షాపులో వచ్చిన అభిప్రాయం అంది. ఆ వర్క్‌షాపుకి కుర్చీలు వేసింది నేనే. వచ్చినవాళ్ళు నలుగురు. ఇద్దరు డిజైన్ కంపెనీవాళ్ళు, ఒకావిడ వాన తగ్గేదాకా నిలబడటానికి వచ్చింది, నాలుగో మనిషిని నేను. ఆ సంగతి చెప్పాను.

ఆమె రిపోర్టు మూసి పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా, "నువ్వు సంతోషిస్తావనుకున్నాను," అంది.

ఆ మాటకి వచ్చినంత కోపం నాకు ఆ వాక్యానికి కూడా రాలేదు. అడక్కుండా నా నోట్లో మాట పెట్టి, పెట్టినందుకు నేను సంబరపడాలట. తొమ్మిదేళ్ళుగా రోజూ ఆ బొమ్మ కాగితం మీదికి లేపుతున్నది నా చెయ్యి. అందులో మా నాయిన మగ్గాన్ని చూసుకుంటూ పని చేశాను. నాకు అందులో ఏం కనిపిస్తుందో ఆమె ఒక్కనాడూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని. ఆ వాక్యం తీసేయమన్నాను. రిపోర్టు ఇప్పటికే బయటికి వెళ్ళింది, ఇప్పుడు కుదరదంది.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. ఆయన హాస్పిటల్లో రేడియోగ్రాఫరు, ఆ వారం డ్యూటీ రోటా మారి బాగా అలిసిపోయి ఉన్నాడు. "నీకెందుకే? బొమ్మ వాళ్ళది, జెండా వాళ్ళది. కొట్లాడుకుంటే వాళ్ళే కొట్లాడుకుంటరు," అన్నాడు.

"వాళ్ళు కొట్లాడేది మన పేరు మీద," అన్నాను.

మా రాష్ట్ర చిహ్నం మారుస్తారన్న మాట వచ్చినప్పుడు మా తమ్ముడితో నేను ఫోన్లో పెద్ద గొడవే పెట్టుకున్నాను. అవి రాజుల గుర్తులు, పోతే పోనీ అని వాడు. ఆ చిహ్నంలో ఉన్న రాతితోరణం రాజులొక్కరిదే ఎలా అవుతుంది, చెక్కినవాళ్ళది కాదా అని నేను. పది రోజులు మాట్లాడుకోలేదు. కానీ వాడి మాట వాడు చెప్పాడు, నా మాట నేను చెప్పాను. ఎవడో మూడోవాడు వచ్చి, నీ అక్క ఇలా అంది అని వాడికి కల్పించి చెప్పలేదు.

స్థానిక పత్రిక రిపోర్టులోంచి ఆ ఒక్క వాక్యం పట్టుకుంది. మైనారిటీల అభ్యంతరంతో గని దీపం తొలగింపు అని శీర్షిక పెట్టింది. వారం తిరగకుండా ఊళ్ళో దాని వేడి తెలిసింది. మా వీధి చివర ఇంటావిడ రోజూ కుక్కని తిప్పుతూ పలకరించేది, అవతలి పేవ్‌మెంటుకి మారింది. మా అమ్మాయి స్కూలు నుంచి వచ్చి బ్యాగు సోఫా మీద పడేసి, "మమ్, డిడ్ వీ యాక్చువల్లీ కంప్లెయిన్ అబౌట్ ది ఫ్లాగ్?" అంది. దానికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. లేదని చెప్పాను. అయితే అందరూ అలా ఎందుకంటున్నారని అడిగింది. ఆ పదిహేనేళ్ళ పిల్ల ముందు రిపోర్టు తెరిచి ఆ వాక్యం చూపించాను.

అన్నిటికంటే బాధ పెట్టింది అంకుల్ ఫోను. ఆయన పోస్టాఫీసులో నిలబడి ఉంటే, చిన్నప్పటి నుంచీ ఆయన దగ్గరే మందు తీసుకున్న మనిషి ఒకడు వరసలో వెనక్కి తిరిగి, మీవాళ్ళకి మా దీపం అంత అడ్డమొచ్చిందా డాక్టర్ అన్నాడట. అంకుల్ వరసలోంచి బయటికి వచ్చాడట. కవరు పోస్టు చేయకుండానే ఇంటికి వచ్చేశాడట.

"ఉంచమని రాసింది నేనేనమ్మా. ఆ ముక్క అతనికి చెప్పడానికి కూడా నోరు పెగల్లేదు," అన్నాడు.

ఆయన గొంతు అంత నీరసంగా నేనెప్పుడూ వినలేదు. ఫోన్ పెట్టేశాక వంటింట్లో నిలబడి ఏడ్చాను. దిగులుతో కాదు, ఒళ్ళు మండి ఏడ్చాను.

కౌన్సిల్ ఉద్యోగిగా నేను సభలో లేచి మాట్లాడకూడదు. పత్రికకి రాయకూడదు. కానీ ఆఫీసు నియమాలు నాకూ తెలుసు. రిపోర్టు రాయడానికి ఆధారంగా వాడిన కాగితాల పట్టిక దాని చివర పెట్టాలి. వాటిని ఎవరొచ్చి అడిగినా చూపించాలి. అది చట్టం. ఈ రిపోర్టు చివర పట్టిక ఖాళీగా ఉంది. నేను ఉత్తరాలన్నిటికీ కాపీలు తీసి, పేర్లు, చిరునామాలు నల్లగా కొట్టేసి, రెండు ఫైళ్ళలో పెట్టి పట్టికలో చేర్చాను. చేర్చానని మా పై అధికారిణికి ఈమెయిల్ చేశాను. దొంగచాటుగా చేయడం నాకిష్టం లేదు.

ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది. ఇన్ని అవసరమా, కొన్ని ముఖ్యమైనవి పెడితే చాలదా అంది. ఏవి ముఖ్యమో ఎవరు తేలుస్తారని అడిగాను. నేను మొండికేస్తున్నానంది. అవునన్నాను. ఆమె వెళ్ళిపోయింది. పట్టిక మాత్రం అలాగే ఉంది. తీసేయమని రాతపూర్వకంగా చెప్పే ధైర్యం ఆమె చేయలేదు.

అంకుల్‌కి ఫోన్ చేసి, మీ ఉత్తరం ఆఫీసు ఫైల్లో ఉంది, ఎవరైనా వచ్చి చూడొచ్చు అని మాత్రం చెప్పాను. అది కూడా చెప్పకూడదేమో. చెప్పాను. మర్నాడు పొద్దున్నే టై కట్టుకుని వచ్చాడు. రిసెప్షన్ పక్క చిన్న గదిలో ఫైళ్ళు ఇచ్చి కూర్చోబెట్టాను. పత్రికలో చదివి తన ఉత్తరం ఏమైందో కనుక్కోవడానికి పెన్సిలు ముసలావిడ కూడా అదే పూట వచ్చింది. పేరు కొట్టేసినా తన రాత తాను గుర్తు పట్టింది. అంకుల్ ఆవిణ్ణి చూసి లేచి నిలబడ్డాడు. ఆవిడ భర్త ఆయన పేషెంటట. చివరి రోజుల్లో వారానికి రెండుసార్లు ఇంటికెళ్ళి చూసేవాడట. ఇద్దరూ మధ్యాహ్నం దాకా కూర్చుని అన్ని ఉత్తరాలూ చదివారు. ఆ వాక్యం వాటిలో ఎక్కడా లేదు. సభలో మాట్లాడటానికి అంకుల్ పేరు రాయించుకుని వెళ్ళాడు.

కమిటీ సభ సాయంత్రం ఆరున్నరకి. మామూలుగా ఖాళీగా ఉండే ప్రజల గ్యాలరీ ఆ రోజు నిండింది. సభలో జరిగింది నమోదు చేసే మినిట్స్ రాయడానికి నేను అధ్యక్షుడి పక్కన కూర్చున్నాను. అంకుల్‌కి మూడు నిమిషాలిచ్చారు. కాగితం తెచ్చుకున్నాడు గానీ చూడలేదు. తన ఇంగ్లీషులో, తెనాలి యాసతోనే, నెమ్మదిగా మాట్లాడాడు.

"ఈ ఊరి గని కార్మికుల గుండెల మీద స్టెతస్కోపు పెట్టి విన్నవాణ్ణి నేను. ఆ దీపం పట్టుకుని కిందికి దిగినవాళ్ళ ఊపిరి ఎలా చప్పుడు చేస్తుందో ఈ గదిలో నాకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు లేరు. ఆ దీపం నాకు పరాయిదని మీతో ఎవరు చెప్పారు? మార్చాలనుకుంటే మార్చండి, అది మీ హక్కు. మీ పేరు మీద మార్చండి. మా పేరు మీద కాదు."

గ్యాలరీలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక కౌన్సిలర్ లేచి, ఇలాంటి భిన్నమైన గొంతులు వినడం ఎంతో సంతోషంగా ఉందన్నాడు. అంకుల్ చెప్పినదాంట్లో ఒక్క ముక్కా ఈయన చెవికెక్కలేదని నాకు తెలిసిపోయింది. కలం గట్టిగా నొక్కితే కాగితం చిరిగింది. అప్పుడు చివర కూర్చున్న ఒక పెద్దావిడ, ఎక్కువ మాట్లాడని కౌన్సిలర్, మా పై అధికారిణిని అడిగింది.

"దక్షిణాసియావాళ్ళు అన్నారని రాశారు కదా, అది ఏ ఉత్తరంలో ఉందో చూపిస్తారా?"

మా పై అధికారిణి కాగితాలు తిరగేసింది. ఏ ఉత్తరంలోనూ లేదని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. చివరికి, అది మొత్తం మీద కలిగిన అభిప్రాయం అంది. ఎవరికి కలిగిన అభిప్రాయమని పెద్దావిడ మళ్ళీ అడిగింది. ఆమె మళ్ళీ కాగితాలు తిరగేయబోతుంటే అధ్యక్షుడు కలగజేసుకుని, ఆ వాక్యాన్ని రిపోర్టు నుంచి ఉపసంహరిస్తున్నామని, దానికి ఆధారం లేదని నమోదు చేయమని చెప్పాడు. నేను నమోదు చేశాను. మినిట్స్‌లో ఇంత అందంగా మరేదీ రాసి ఉండను.

తర్వాత ఓటింగు. కొత్త బొమ్మ గెలిచింది. ఆ రెండు వంకర గీతలే కొత్త కౌన్సిల్ జెండా, ముద్ర అని తీర్మానమైంది. చెప్పిన కారణం తప్పని ఒప్పుకున్నాక కూడా, మరో కారణం వెతుక్కోవాలని ఎవరికీ అనిపించలేదు.

నా గురించి ఫైల్లో ఒక కాగితం పెట్టారు. ప్రజలతో వ్యవహరించేటప్పుడు విచక్షణ పాటించాలని సలహా ఇచ్చినట్టుగా. హెచ్చరిక కాదట, సలహాట. సంతకం పెట్టమన్నారు. ఆధారం లేని వాక్యం రాసినవాళ్ళ ఫైల్లో కూడా ఇలాంటి కాగితం పెట్టారా అని సంతకం కింద రాసి ఇచ్చాను.

పత్రిక దిద్దుబాటు వేస్తుందేమోనని మూడు వారాలు చూశాను. వేయలేదు. దీపం పోయిందన్నది మాత్రం పెద్ద అక్షరాలతో వేసింది. వెబ్‌సైటులో మినిట్స్ ఎవరు చదువుతారు?

అంకుల్ ఫోన్ చేశాడు. "అమ్మాయ్, ఆ మినిట్స్ పేజీ నాకు ఓ ముప్పై కాపీలు తీసిపెడతావా?"

మధ్యాహ్నం భోజనం వేళ లైబ్రరీకి వెళ్ళి కాపీలు తీశాను. శనివారం అంకుల్, నేను, మా అమ్మాయి ఊరి బజారు వీధి, హై స్ట్రీట్, పొడుగునా నడిచాం. ప్రతి షాపులోకీ వెళ్ళి ఒక్కో కాపీ ఇచ్చాం. రొట్టెల షాపాయన కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాడు. మందుల షాపమ్మాయి అంకుల్‌ని కౌగిలించుకుంది. జుట్టు కత్తిరించే ఆవిడ అద్దం మీద అతికించింది. ఇద్దరు చదవకుండానే చెత్తబుట్టలో వేశారు. కూరగాయలమ్మే మనిషి చివరిదాకా చదివి, కాగితం మడిచి మళ్ళీ నా చేతిలో పెట్టి, అయినా దీపం పోయింది కదా అన్నాడు.

పోయిందన్నాను. మేం తీయలేదన్నాను. అతను తల ఊపి, వెనకున్న మనిషికి ఉల్లిపాయలు తూచడం మొదలెట్టాడు. మా అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుని పక్క షాపులోకి లాక్కెళ్ళింది. ఇంకా పదకొండు కాపీలు మిగిలి ఉన్నాయి.